పసిబిడ్డ నెత్తిన నీళ్లు

"ఏందిది? పచ్చిబిడ్డ నెత్తిన చన్నీళ్లు పోస్తావా?"

కృపావరం అరుపుకి కాన్పుల గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఉలిక్కిపడ్డారు.

ఆయా హజ్రా బీ ఒడిలో అతని కూతురు ఉంది. ఆమె చేతిలో నీళ్ల గ్లాసు. బిడ్డ తలంతా తడి.

బిడ్డకు ఊపిరి లేదు.

"అయ్యా, నేను..."

"మాట్లాడొద్దు! నా బిడ్డను పొట్టనబెట్టుకున్నావు గదా!"

బిడ్డను ఆమె ఒళ్లోంచి లాక్కున్నాడు. హజ్రా బీ కొంగు తల మీదికి జరుపుకుని గోడవారగా నిలబడింది. మంచం మీద అతని భార్య లూర్దమ్మ ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉంది.

"ఏడో నెల బిడ్డ, కృపావరం. మొదటినుంచీ ఊపిరి అందలేదు. నీళ్ల వల్ల కాదు," అంది డాక్టరమ్మ.

"ఆ మనిషి ఇక్కడుంటే నేనూరుకోను."

మర్నాటి నుంచి హజ్రా బీ ఆస్పత్రిలో కనిపించలేదు.

కృపావరం మాచర్లలో కథోలిక ఉపదేశి. ఫాదర్ గారు వెళ్లలేని పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి జపాలు నేర్పేవాడు.

"బిడ్డ చావుబతుకుల్లో ఉంటే ఫాదర్ గారి కోసం చూడొద్దు. నెత్తిన నీళ్లు పోసి జ్ఞానస్నానం మాటలు చెప్పండి. ఆపదలో ఎవరైనా ఇయ్యొచ్చు," అని పదిహేనేళ్లుగా చెబుతున్నది అతనే.

ఆ రోజు క్రిస్మస్ పనుల మీద కారంపూడి అవతల పల్లెలో ఉన్నాడు. కబురందే సరికి పొద్దెక్కింది. బస్సు దారిలో చెడిపోయింది. ఎంతమంది బిడ్డలకో జ్ఞానస్నానం ఇచ్చిన చెయ్యి, సొంత బిడ్డకు అందలేదు.

"మన బిడ్డ యాడుందయ్యా?" అని అడిగేది లూర్దమ్మ.

పంతొమ్మిది వందల ఎనభై మూడు పోయి ఎనభై నాలుగు వచ్చింది. ఆమె ప్రశ్న మారలేదు.

జ్ఞానస్నానం లేని పసివాళ్లు దేవుణ్ణి చూడలేరనీ, వెలుగూ చీకటీ కాని చోట ఉండిపోతారనీ పాతకాలం వాళ్లు చెప్పిన మాటలు అతని తలలో తిరిగేవి. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయేవాడు.

"ఫాదర్, నా బిడ్డ సంగతేంది?"

"మనం నీళ్లు పోయలేకపోయామని దేవుడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా కృపావరం? ఆయన దయకు అప్పజెప్పు," అన్నారు ఫాదర్ శౌరయ్య గారు.

ఆ మాటే ఇతను ఎందరికో చెప్పాడు. తనదాకా వచ్చేసరికి మింగుడు పడలేదు.

ఒక ఆదివారం పూజ అయ్యాక గుడి గేటు దగ్గర హజ్రా బీ కనిపించింది. చానా చిక్కిపోయింది. గేటు పట్టుకుని ఆయాసపడుతోంది.

"అయ్యా, ఒక్క మాట..."

"నిన్ను చూస్తే నా బిడ్డ గుర్తొస్తది. పో!"

చుట్టూ జనం చూస్తున్నారు. ఆమె గేటు వదిలి, మెల్లగా వెళ్లిపోయింది.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మోకరించినప్పుడు కృపావరం హజ్రా బీని తరిమేసిన సంగతీ చెప్పాడు.

"వెళ్లి ఆమెను క్షమాపణ అడుగు. అదే నీ ప్రాయశ్చిత్తం," అన్నారు ఫాదర్ గారు.

"ఫాదర్, తప్పు ఆమెది..."

"నువ్వు చెప్పుకోవాల్సింది నీ తప్పు."

మర్నాడు పొద్దున్నే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. గుమ్మంలో ఆమె కూతురు అబిదా బియ్యం ఏరుతోంది.

"హజ్రా బీ ఉందామ్మా?"

"మా అమ్మ పోయి పదిహేను రోజులైందన్నా. గుండె జబ్బు."

కృపావరం అరుగు మీద కూర్చున్నాడు.

అబిదా అతన్ని పరకాయించి చూసింది. "మీరు ఉపదేశి గారు గదా? నడవలేకపోయినా మీకోసమే గుడికాడికి వచ్చింది. చెప్పకుండానే తిరిగొచ్చి ఏడ్చింది."

"ఏం చెప్పాలనమ్మా?"

"ఇక్కడికి రాకముందు మా అమ్మ మీ సిస్టరమ్మల ఆస్పత్రిలో పన్నెండేళ్లు చేసింది. పసిబిడ్డలు పోయేటట్టుంటే మీవాళ్లకు ఏం చెయ్యాలో వాళ్లే నేర్పారు. 'నేను తురకదాన్ని, నా చేత్తో చెల్లుద్దా' అని అడిగిందంట. 'చెల్లుద్ది, మనసుపెట్టి చెయ్యి' అన్నారంట."

కృపావరం అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు మీ ఇంటావిడ చేతిలో జపమాల చూసిందంట. బిడ్డ ఎగశ్వాస పీలుస్తా ఉందంట. మీరేమో రాలేదు. తనే నీళ్లు పోసి ఆ మాటలు చెబుతా, పేరు ఏం పెట్టాలో తెలియక, మీకూ మాకూ ఉన్న యేసు తల్లి పేరే పెట్టిందంట. ఆ పేరన్నా మీకు చెప్పాలని..."

ఇంక వినలేక, కృపావరం రెండు చేతులూ జోడించాడు. ఎదుట గుమ్మంలో ఉన్నది కూతురే. తల్లి లేదు.

ఆ రోజు ఆస్పత్రిలో పక్క మంచంలో ఉన్న బాలింతను పిలిపించి, ఆమె చూసిందీ విన్నదీ అడిగి తెలుసుకున్నాక, ఆ ఆదివారం ఫాదర్ శౌరయ్య గారు లూర్దమ్మ కళ్లెదుటే జ్ఞానస్నానాల పుస్తకం తెరిచి, బిడ్డ పేరు 'మరియ' అనీ, జ్ఞానస్నానం ఇచ్చినవారు 'హజ్రా బీ' అనీ రాశారు.