చలికాలంలో ఏసీ

కారు అద్దాల మీద మంచు తడి ఇంకా ఆరలేదు. లోపల మాత్రం ఏసీ ఫుల్లుగా నడుస్తోంది.

స్టీరింగు ముందున్న బ్యాంకు క్యాషియరు మంకీ క్యాపును చెవుల కిందికి లాక్కున్నాడు. పక్క సీటులో డ్రైవింగు నేర్పే ఆవిడ, తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం ఆనించి కూర్చుంది. నేర్చుకునేవాళ్ళంతా ఆమెను బ్రేకు మేడమ్ అంటారు. వెనక సీటులో ఆమె తల్లి. మెడ మీద తువ్వాలు, ఒళ్ళో ఫ్లాస్కు, పక్కన సంచీ. సంచీలో చెమటకు తడిస్తే మార్చుకోవడానికి ఒక పొడి జాకెట్టు.

"మేడమ్, ఈ ఏసీ కొంచెం..." అని నసిగాడు క్యాషియరు. "వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోతున్నాయండీ."

"అతుక్కోనివ్వండి. అప్పుడైనా వదలకుండా పట్టుకుంటారు."

తర్వాత అందరికీ చెప్పేదే అతనికీ చెప్పింది, సిగ్నలు దగ్గర ఆగాలని చెప్పినంత మామూలుగా.

"నాకు రొమ్ము క్యాన్సరు వచ్చింది. ఆపరేషన్ అయింది."

మళ్ళీ రాకుండా ఇప్పుడు హార్మోను మాత్రలు వాడాలంది. వాటితో ఒంట్లోంచి ఆవిర్లు తన్నుకొస్తాయి, కీళ్ళు పట్టేస్తాయి, రాత్రిళ్ళు కునుకు పట్టదు. అందుకని ఈ కారులో ఏసీ ఆగదు, కావలసినవాళ్ళు స్వెట్టరు తెచ్చుకోవచ్చు అంది. క్యాషియరు గేరు మార్చాడు. బండి ఎగిరిపడింది.

వెనక సీటులో తల్లి గుండె గుభేలుమంది. ముఖమంతా చెమట పోసింది. భయం ఆవిడకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది, మోగకపోతే చేసేవాళ్ళే పోయారనుకుంటుంది. ఇంట్లో ఒక్కతే ఉంటే లేనిపోనివన్నీ తలకెత్తుకుంటుందని కూతురు రోజూ వెంటబెట్టుకుని వస్తోంది. ఆ జబ్బు పేరు ఎత్తడానికే ఆవిడకు నోరు రాదు. ఆపరేషన్ అయినప్పుడు కూడా చుట్టాలెవరికీ తెలియనివ్వలేదు. ఊరెళ్తున్నామని చెప్పి, ఇంటికి తాళం వేసి ఆస్పత్రికి వెళ్ళారు.

క్యాషియరు తుమ్ముకుంటూ దిగిపోగానే తల్లి అందుకుంది.

"ఎందుకే ఆ ముక్క అందరి దగ్గరా చాటింపు వేస్తావు? నోటితో అలా అనకే, తథాస్తు దేవతలుంటారు."

"ఉంటే వచ్చి ఈ ఏసీ కింద కూర్చోమను. వాళ్ళే స్వెట్టరు అడుగుతారు."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ. దొంగతనం చేశామా దాచుకోడానికి?"

తల్లి ఫ్లాస్కు మూత తిప్పబోయింది. వేళ్ళు మాట వినలేదు. కూతురు అందుకుని మూత తీసి చేతికిచ్చింది. తాగుతూ తల్లి పాత పాటే ఎత్తుకుంది. జబ్బును ఎలాగూ కోసి పారేశారు కదా, ఇంకా ఎన్నేళ్ళు ఈ మాత్రలు, నిద్ర లేక, కాళ్ళు కదలక ఈ బతుకేమిటి, మానేస్తే పోదూ అంది.

"జబ్బుకే లొంగలేదు, మాత్రకు లొంగుతామా? డాక్టరు ఆపమనేదాకా ఒక్కటి కూడా మానేది లేదు. లే, నడుద్దాం పద."

పాఠానికీ పాఠానికీ మధ్య అదొక శిక్ష. మోకాళ్ళు పట్టేశాయని కూర్చుంటే ఇంకా బిగుసుకుంటాయని కూతురి వాదన. బండ్లు తిప్పడం నేర్పే ఖాళీ స్థలంలో ఎర్ర ప్లాస్టిక్ దిమ్మెల మధ్య కూతురు ముందు, మూలుగుతూ తల్లి వెనక. చూసేవాళ్ళు నవ్వుకునేవారు. కూతురు వాళ్ళకు చెయ్యి ఊపేది.

ఆ రోజు నడక పూర్తయ్యి, తల్లి కారెక్కి కూర్చునేసరికి డ్రైవింగు స్కూలు యజమాని వచ్చాడు. కూతుర్ని కారు పక్కన నిలబెట్టే మాట్లాడాడు. మీ ధైర్యానికి దండం పెట్టాలి మేడమ్ అంటూనే మొదలెట్టాడు. క్యాషియరు వేరే టీచర్ని ఇమ్మని ఇప్పుడే అడిగి వెళ్ళాడట. చలికి కాదు, భయానికి. ఆవిర్లు కమ్మిన క్షణంలో ఎవరైనా అడ్డం వస్తే మీ బ్రేకు ఎవరు వేస్తారు, పట్టేసిన కాలు సమయానికి కదలకపోతే పూచీ ఎవరిది అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, గొంతులో మర్యాద ఉంది. చెయ్యి మాత్రం తాళాల కోసం చాచే ఉంది.

"ఒళ్ళు పూర్తిగా బాగయ్యాక రండి మేడమ్. అప్పుడు చూద్దాం."

ఎవరికైనా టపీమని జవాబిచ్చే కూతురు నోరు మెదపలేదు. వెనక సీటు వైపు ఒకసారి చూసింది. తాళాలు అతని చేతిలో పెట్టింది.

ఆ తాళాల మీదే ఇల్లు నడుస్తోంది. ఆ కారులో కూర్చోవడమంటే కూతురికి ప్రాణం. తల్లికి గుండెల్లోంచి వేడి భగ్గున లేచి నెత్తికెక్కింది. చెవులు ఎర్రబడ్డాయి. పెదవి మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు. తలుపు తోసుకుని, సీటు పట్టుకుని, ఒక్కో మోకాలూ సాగదీసుకుంటూ కిందికి దిగింది.

"వద్దమ్మా" అంది కూతురు.

ఆవిడ వినిపించుకోకుండా యజమాని ముందుకు వెళ్ళి, రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా వినబడేట్టు, "తాళాలు దానికిచ్చెయ్యి బాబూ, దాని ఒంట్లో ఏ నలతా లేదు, రొమ్ము కోయించుకుని ఆ మాత్రలు మింగుతున్నది నేను" అంది.