మూడో ఒప్పుకోలు

జాలరిపేటలో కెమెరా, మైకు ఉన్న వీధిస్తంభం నూకాలు మీద కేసు చదివింది. నేరం, నడకదారిలో చేపలు ఎండబెట్టడం. ఒప్పుకుంటే రెండు రోజులు బీచ్ ఊడవాలి. కాదంటే కోర్టు, ఓడితే నెల జైలు.

చేయని తప్పైనా పేటలో అందరూ ఒప్పుకునేవారు. నూకాలూ రెండుసార్లు ఒప్పుకుంది. మూడోసారి ఒప్పుకుంటే చేపలమ్మే లైసెన్సు పోతుంది.

"ఒప్పీసుకో వదినా, ఇద్దరం ఊడ్సీసి వచ్చీద్దాం," అంది ఆడపడుచు ఎర్రమ్మ.

"నువ్వూడ్సుకో. ఆ సేపలు నాయి కావు. లైసెన్సు నాది."

నూకాలు స్తంభం వైపు తిరిగింది. "నానొప్పుకోను."

స్తంభం మళ్లీ అడిగింది. ఆమె మళ్లీ అదే చెప్పింది. దారిన పోయేవాళ్లు ఆగిపోయారు.

ఈసారి స్తంభం కోర్టు మాట ఎత్తలేదు: "వేచి ఉండండి. విచారణకు మనిషిని పంపుతున్నాం."

వచ్చే మనిషికి చోటుండేలా నూకాలు తన ఇంటి అరుగు మీద ఓ పక్కగా కూర్చుంది.