ముందు కూర్చో

డోర్‌బెల్ మోగగానే వసుమతి పరుగున వెళ్లి తలుపు తీసింది.

గుమ్మంలో డెబ్భై ఏళ్ల పెద్దాయన. నెత్తిన మంకీ క్యాప్, మెడచుట్టూ మఫ్లర్, కాళ్లకు కొత్త స్నీకర్లు.

"అమ్మా, ఇది..."

"రండి రండి డాక్టర్ గారూ, మీకోసమే చూస్తున్నాం."

"నేను డాక్టర్ని..."

"ఈ చలిలో నడిచొచ్చారా? చెప్తే మావారు కార్ తెచ్చేవారుగా. ముందు లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని."

వసుమతి మాటలకు కామాలుంటాయి గాని ఫుల్‌స్టాప్‌లుండవు. పెద్దాయన లోపలికి వచ్చారు.

సోమవారం ఆమె కూతురు వేదకి మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ. పోయినేడు నాలుగు కాలేజీలు పిలిచాయి, నాలుగూ వద్దన్నాయి. ఈ ఏడు పిలిచింది ఒక్కటే. ఇదీ పోతే ఇక మెడిసిన్ మాట ఎత్తనని వేద చెప్పేసింది.

అందుకే వసుమతి అమెరికాలో తాముంటున్న ప్లెయిన్స్‌బరో ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ గాలించి, కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డ్ సర్జన్ లక్ష్మీపతి గారిని పట్టుకుంది. ఇంట్లో ఎవరూ ఆయన్ని చూడలేదు. శనివారం నాలుగింటికి వచ్చి మాక్ ఇంటర్వ్యూ చేస్తానన్నారు.

ఇప్పుడు సరిగ్గా నాలుగు.

వేద బ్లేజర్ వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. పెద్దాయన జంతికల ప్లేటు పక్కకి పెట్టి మళ్లీ ఏదో చెప్పబోయారు. ఆ పిల్ల బ్లేజర్ గుండీ పెడుతూ తీస్తూ ఉండడం చూసి ఆగిపోయారు.

"డాక్టర్ ఎందుకవ్వాలని, తల్లీ?"

వేద రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో గడగడా చెప్పింది. రీసెర్చ్, సర్వీస్, లీడర్‌షిప్.

ఆయన శ్రద్ధగా విన్నారు. "బావుంది. బట్టీ పట్టావు కదూ?"

వేద నవ్వేసింది. "యా అంకుల్. ఫుల్‌గా."

"సరే, నేను పేషెంట్‌ని. నా రిపోర్ట్ బాగా రాలేదు. ఆ సంగతి నాకు చెప్పు."

వేద దగ్గరికొచ్చి గొంతు సవరించుకుంది. "సర్, మీ టెస్ట్ రిజల్ట్స్..."

"మెడ నొప్పెడుతోందమ్మా."

"సారీ?"

"నిన్ను తలెత్తి చూడలేక. ముందు కూర్చో."

వేద కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆఁ, ఇప్పుడు నీ కళ్లు కనిపిస్తున్నాయి. నిలబడ్డ డాక్టర్ వెళ్లిపోవడానికే వచ్చినట్టుంటాడు. కూర్చున్నవాడు రెండు నిమిషాలే ఉన్నా, రోగికి ఆ పూటకి సరిపడా ధైర్యం. ఇంక చెప్పు. తెలియనిది తెలియదని చెప్పు."

గంటసేపు అదే పని. ఆయన ఒకసారి చెవిటి రోగి అయ్యారు. ఒకసారి మాత్ర మింగనని మొండికేశారు. వంటింట్లో వసుమతికి నవ్వాగలేదు.

వెళ్లేటప్పుడు ఆయన కాస్త మొహమాటపడ్డారు.

"మా బిల్డింగ్ ఎటో మర్చిపోయానమ్మా. ఇక్కడ అన్నీ ఒకేలా ఉన్నాయి. మా బాల్కనీలో ఎర్ర సైకిల్ ఉంటుంది."

వసుమతి భర్త శ్యామ్‌సుందర్ ఆయన్ని కార్‌లో ఎక్కించుకుని కాంప్లెక్స్ అంతా తిప్పి, ఎర్ర సైకిల్ కనిపించాక దింపి వచ్చాడు.

"అంత పెద్ద సర్జన్‌కి ఇంటి నంబర్ గుర్తులేదు. మేధావులింతే," అన్నాడు.

ఆరు వారాలకు కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. వేదకి సీటు ఇచ్చారు.

"ఇంటర్వ్యూలో పేషెంట్‌గా నటించినావిడ ఉన్న గదిలో కుర్చీని కావాలనే గోడవారగా పెట్టాం," అన్నారు అవతలి నుంచి. "దాన్ని మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నది నువ్వొక్కదానివే."

వేద ఏడ్చింది. తన పెళ్లిలో కూడా చిందెయ్యని శ్యామ్‌సుందర్ హాల్లో చిందేశాడు. వసుమతి వెంటనే లక్ష్మీపతి గారికి ఫోన్ కలిపింది.

ఆయన తడబడ్డారు. "నేను రానేలేదు కదమ్మా. జ్వరమని మీవారికి మెసేజ్ పెట్టాను."

వసుమతి మొగుడి వైపు చూసింది. ఆయన ఫోన్‌లో చదవని మెసేజ్‌లు మూడొందల పన్నెండు.

ముగ్గురూ స్వీట్ బాక్స్ పట్టుకుని ఎర్ర సైకిల్ వెతుక్కుంటూ వెళ్లారు. తలుపు తీసినావిడ పేరు రాగిణి. సంగతి వింటూనే నవ్వింది.

"ఆ కాఫీ ఇచ్చినావిడ మీరేనా? నాన్న పోయిన వారమే ఇండియా వెళ్లారు. ఆ పిల్లకి సీటొచ్చిందా అని రోజూ అడుగుతున్నారు. దారి అడగడానికి మీ బెల్ కొట్టారట, డాక్టర్ని కానని చెబుదామంటే మీరు సందివ్వలేదట."

వసుమతి స్వీట్ బాక్స్ రాగిణి చేతిలో పెట్టింది.

"మరి అవన్నీ ఆయనకెలా తెలుసు ఆంటీ?" అడిగింది వేద.

రాగిణి వీడియో కాల్ కలుపుతూ అంది:

"నాన్న బట్టల కొట్లో గుమాస్తా అమ్మా. మా అమ్మ హాస్పిటల్‌లో ఉన్న తొమ్మిది నెలలూ, ఏ డాక్టరైనా కాసేపు కూర్చుంటారేమోనని, మంచం పక్క స్టూలు రోజూ తుడిచి ఖాళీగా ఉంచి, తను నిలబడే ఉండేవారు."