ఆరో నంబరు కోతి

"జానీకి మందు ఎవరు పెడ్తున్నరు పెద్దులన్నా? నిజం చెప్పు!"

డాక్టర్ నిరోష రక్తపరీక్ష కాగితం ముందుకు చాపింది. దేవరకొండ రోడ్డులోని ఆ పరిశోధనశాలలో కోతుల ఆలనాపాలనా పెద్దులుదే. ఊడుస్తున్నవాడల్లా ఆగి, తల వంచుకున్నాడు.

విషయం చిన్నది కాదు. షుగర్ ఉన్న రెండు కోతులకు నిరోష కొత్త క్లోమగ్రంథిని అమర్చింది. పరాయి అవయవాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఐదో నంబరుకు రోజూ మందు. ఆరో నంబరుకు మందు లేదు, తేడా తెలియడానికి. నంబర్లు కాగితాల్లోనే. పెద్దులుకు అవి సుక్కి, జానీ. మందు లేక ఆ గ్రంథి పాడై, రెండు వారాల్లో జానీ షుగర్ మళ్ళీ పెరగాలి. నలభై రోజులైనా పెరగలేదు. పైగా ఇవాళ దాని రక్తంలో మందు కనిపించింది.

"నేనే పెట్టిన మేడం," అన్నాడు పెద్దులు.

"ఎందుకు?"

"పానం ఊకోలె. దానికొక్కదానికే మందు లేకపాయె."

"ఎంత కష్టపడ్డమన్నా! అంతా బూడిదల పోసినవ్." నిరోష తలుపు వైపు చెయ్యి చూపింది. "ఇంటికి పో. రేపటి సంది రాకు."

పెద్దులు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "పోతున్న మేడం. జానీకి అరటిపండు తోలు తీసి ఇస్తెనే తింటది. కొత్తగ వచ్చెటోళ్లకు జర చెప్పుండ్రి."

పైవాళ్ళకు రాయాలంటే రుజువు కావాలి. నిరోష కెమెరా రికార్డింగు పెట్టి చూసింది. మందు నూరి కలిపిన అరటిపండు గుజ్జును పెద్దులు సుక్కికి ఇచ్చాడు. అది నోట్లో పెట్టుకునేదాకా నిలబడి, జానీకి ఉత్త పండు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆయన అటు పోగానే సుక్కి బుగ్గలోంచి సగం గుజ్జు తీసింది. రెండు బోన్ల మధ్యనున్న ఇనుప జాలీ సందులోంచి చెయ్యి చాపి జానీ నోటికి అందించింది. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. ఒకరోజు తలుపు దగ్గర ఆగిపోయి పెద్దులు అది చూశాడు కూడా. చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నిరోష రెండు కోతుల పరీక్ష కాగితాలు చేతిలో ఉండగానే గేటు దాకా పరుగెత్తింది. పెద్దులు బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

"నువ్వు పెట్టనే లేదు. మరి నేనే అని ఎందుకన్నవ్?"

పెద్దులు కండువా సర్దుకున్నాడు. "చెప్తే రెండింటిని చెరో అర్రల ఏస్తరు గద మేడం. ఒకదాన్నొకటి సూడకుంట ఉండలేవు అవి. నాదేముంది, ఇంకో పని దొర్కుతది."

నిరోష చేతిలోని కాగితాలు తిప్పింది. సుక్కి రక్తంలో మందు సగమే ఉంది. అయినా షుగర్ పెరగలేదు. మొత్తం మందు వేసిన ఇంతకుముందరి కోతులన్నింటికీ కిడ్నీలు చెడిపోయాయి. సుక్కి కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి. ఆమె ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివింది.

బస్సు వచ్చి ఆగింది. ఎక్కబోతున్న పెద్దులు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"ఏడికి పోతవన్నా? కిడ్నీలు చెడకుంట ఎంత మందు సరిపోతదో రెండేండ్ల సంది నాకు దొరకలే... సుక్కి పంచిపెట్టి చూపిచ్చింది!"