ఒక్క గోళీ వెలితి

మంగళవారం పదిన్నరకు మూడో తరగతిలో నీలం రంగు నీళ్ల మగ్గు బోర్లా పడింది. బల్ల మీద టీచరు రాత్రి కూర్చుని దిద్దిన పరీక్ష పేపర్లున్నాయి. అన్నీ తడిశాయి.

అప్పటికి టేపు సారు ఆ గదిలోకి వచ్చి పావుగంటయింది.

ఆయన బడులు తనిఖీ చేసే అధికారి. బెంచీ ఎత్తు నుంచి కిటికీ వెడల్పు దాకా కొలవందే సంతకం పెట్టడు. జేబులో ఎప్పుడూ ఇనుప టేపు ఉంటుంది. మీట నొక్కితే సర్రున లోపలికి పోతుంది. తనకా పేరుందని ఆయనకూ తెలుసు.

గదిలోకి వచ్చేముందు హెడ్‌మిస్ట్రెస్ ఆయనకు ఒక మాట చెప్పింది.

“మూడో తరగతి అరుపులు గేటు దాకా వినపడేవి సార్. మా వాచ్‌మన్ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగాడు. ఇలాగైతే కుదరదని టీచరుకి గడువిచ్చాను. మీరు బాగుందని రాస్తే ఆవిడ ఉంటుంది. లేదంటే ఈ నెలతో సరి.”

“ఇప్పుడేం వినపడట్లేదే?”

“అదే నాకూ అంతుపట్టట్లేదు. గది మూలలో ఏదో ఏర్పాటు చేసిందట. మీరే వెళ్లి చూడండి.”

ఆయన వెళ్లేసరికి పిల్లలు బొమ్మలకు రంగులేస్తున్నారు. టీచరు నెమ్మదిగా మాట్లాడుతోంది. గది మూల ఒక చాప, దాని మీద స్టూలు. గోడకున్న అరలో ఇసుక గడియారం, రబ్బరు బంతి. ఆ పైన నాలుగు మొహాల పటం. మొదటిది నవ్వుతోంది. రెండోది మూతి ముడిచింది. మూడోది ఎర్రబడింది. నాలుగోదాని చెవుల్లోంచి పొగ వస్తోంది.

సారుకు చూడగానే అర్థమైంది. కోపమొచ్చిన పిల్లల్ని గోడకు నిలబెట్టే రోజులు పోయాయనీ, ఇలాంటి మూలలో కాసేపు కూర్చోనివ్వాలనీ రెండు సభల్లో ఉపన్యాసమిచ్చింది ఆయనే. టేపు తీశాడు.

“ఏంటమ్మా ఇది? ఈ స్టూలెక్కితే వీళ్ల కాళ్లు నేలకానవు. అర ఇంకా అన్యాయం. పిల్లలకు అందేలా కిందికి దించండి.”

“అక్కడుంటేనే వీలు సార్.”

“ఎవరికి వీలు?”

టీచరు జవాబు వెతుక్కుంటుంటే క్లాసు లీడరు లేచింది. రెండు జడల పిల్ల. గౌను జేబు గోళీలతో కిందికి వేలాడుతోంది.

“దించొద్దండి. మాకేం అక్కర్లేదు.”

క్లాసంతా కిసుక్కుమంది. పిల్లల్లో ఆత్మవిశ్వాసం మెండు అని సారు రాసుకున్నాడు. కిటికీలో ఉన్న గాజు సీసా వైపు తిరిగాడు.

“ఇందులో గోళీలెందుకు?”

“బుద్ధిగా గడిచిన పూటకి ఒకటి వేస్తామండి,” అంది లీడరు. “మొదట్లో ఒక్కటి పడాలంటే గగనమయ్యేది. పాపం, అలవాటు లేదు కదండీ.”

టీచరు చాక్‌పీసులు సర్దుకుంటోంది.

“నిండితే బహుమానమేంటి?”

“గంటసేపు క్లాసులో ఎవ్వరూ నోరెత్తరండి.”

“అదో బహుమానమా? ఏ సినిమానో అడక్కపోయారా?”

“కోరుకుంది అదేనండి. మేం కూడా సినిమా అన్నాం.”

“ఇంకెన్ని పడాలి?”

“ఒక్కటేనండి.” జేబు మీద చెయ్యి వేసుకుంది.

సారు నవ్వుకుంటూ టీచరు బల్ల కొలవడానికి వెళ్లాడు. టేపు ఆ కొస నుంచి ఈ కొసకు లాగాడు. అంకె చూసుకుని మీట నొక్కాడు. టేపు సర్రున వెనక్కి వస్తూ మగ్గు చెవికి తగులుకుంది.

పదిన్నర అయింది అప్పుడే.

ఎవరూ నవ్వలేదు. సారు వైపు ఎవరూ చూడనైనా లేదు. అందరి కళ్లూ టీచరు మీదే ఉన్నాయి. ఆమె మొహం పటంలోని మూడో మొహమైంది. నోరు తెరిచింది.

“ఊపిరి,” అంది లీడరు, లోగొంతుతో.

క్లాసంతా ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలింది.

టీచరు నోరు మూసుకుంది. మూలకు నడిచి స్టూలు మీద కూర్చుంది. ఆమె కాళ్లు నేలకు ఆనాయి. ఇసుక గడియారం తిప్పి, రబ్బరు బంతి అందుకుని పిసికింది.

సారుకు ముచ్చటేసింది. నోటితో చెబితే పిల్లలు వినరు, చేసి చూపించాలి. ఉపన్యాసంలో ఆయన ఆఖరి మాట అదే.

ఇసుకంతా జారాక టీచరు లేచి వచ్చింది.

“పర్వాలేదు సార్. కాస్త పక్కకి జరగండి, తుడుస్తాను.”

కిటికీ దగ్గర టంగుమంది.

“నిండిందిరోయ్!”

గది అదిరింది. బెంచీల మీద దరువు మొదలైంది. ఇద్దరు బల్లలెక్కారు. ఒకడు సారు చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పాడు. తిరగాల్సిందే కాబట్టి సారు తిరిగాడు. టేపు కింద పడి, సాగి, రెండు కాళ్లకు చుట్టుకుంది. ఎవరి కాళ్లో తెలియలేదు.

లీడరు నోటి మీద వేలు పెట్టుకుంది. అంతే, క్లాసంతా వేళ్లు పెట్టుకుంది. కిక్కురుమన్నవాళ్లు లేరు. టీచరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

సారు మునివేళ్ల మీద నడిచి వెళ్లి టేపు తీసుకున్నాడు. నివేదికలో ‘టీచరును కొనసాగించాలి’ అని రాసి సంతకం చేశాడు. సీసా నింపినవాళ్ల పేరు కూడా చేరిస్తే బాగుంటుందనిపించింది. లీడరు పక్కన వంగి, గుసగుసగా అడిగాడు.

“ఇన్ని గోళీలు సంపాదించిన బంగారుకొండ ఎవరమ్మా?”

ఆ పిల్ల నోటి మీది వేలు తియ్యకుండా, రెండో చేత్తో టీచరును చూపించింది.