నాన్న పైకి చూసిన రోజు

"చినుకు పడితే చాలు, మనింటి కప్పు ధారకడుతుంది. వీడేమో దేవుడింటి కప్పులకు ఫొటోలు తీస్తాడు!"

చర్చి మెట్ల మీద ఆగి, రొప్పుతూనే అన్నాడు తండ్రి. బస్సు నడిపి రిటైరైన మనిషి. బస్సు పోయినా హారన్ మాత్రం గొంతులో ఉండిపోయింది.

కొడుకు కెమెరా స్టాండు భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. "ఇంట్లో అన్నావు, దారిలో అన్నావు. లోపల మాత్రం అనకు నాన్నా."

"మీ అమ్మ పోరు పడలేక వచ్చాను గానీ, నాకేం సరదారా కప్పుల దొరా?"

కప్పుల దొర! పత్రికలు అచ్చేసినా, పదిమందీ మెచ్చినా, ఇంట్లో అతనికి దక్కిన బిరుదు అదొక్కటే. గోడకు తగిలించిన ఫొటోల వైపు తండ్రి ఏనాడూ కన్నెత్తి చూసింది లేదు. ఒక్కసారి "బాగుందిరా" అంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని కొడుకు లోలోపల ఉడికిపోయేవాడు. ఇవాళ ఆ మాట అనిపించి తీరాలనే, అమ్మ చేత పోరు పెట్టించి మరీ తీసుకొచ్చాడు.

లోపల గోతిక్ కప్పు. ఏనుగు మీద ఏనుగు నిలబడి తొండమెత్తినా అందనంత ఎత్తు. స్తంభాల మీంచి లేచిన రాతి పక్కటెముకలు నడిమధ్యన ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచాయి.

తండ్రి చివరి బెంచీలో చతికిలబడ్డాడు.

"ఒక్కసారి పైకి చూడు నాన్నా."

"మెడ పట్టేస్తుంది. నీ పని కానీ."

ఆ మసక వెలుతురులో కప్పు ఫొటోలో పడాలంటే కెమెరా షట్టర్ నిమిషాల తరబడి తెరిచే ఉంచాలి. అంతసేపట్లో నడిచిపోయేవాళ్లు ఫొటోలో పడనే పడరు. కూర్చుని కాస్త కదిలినవాళ్లు పొగలా అలుక్కుపోతారు. అడుగున బెంచీలు కనిపించినా, జనాన్ని లేవమని బతిమాలే పని లేదు.

మీట నొక్కి అటు చూశాడు కదా, తండ్రి తల వెనక్కి వాల్చి పైకే చూస్తున్నాడు!

చర్చి కాపలాదారు దగ్గరికొచ్చి గుసగుసలాడాడు. "గుమ్మంలో అంతలా తిట్టారు. ఇప్పుడు నోరు తెరుచుకుని చూస్తున్నారు సార్, మీ నాన్నగారు!"

"పలకరించకండి. ఏ జన్మలో పట్టిన పంతమో, ఇప్పుడిప్పుడే కరుగుతోంది."

"మంచినీళ్లిద్దామా? మెట్లెక్కి బాగా ఆయాసపడ్డారు."

"తర్వాత. ఇప్పుడు కదిపితే మళ్లీ హారన్ మొదలవుతుంది."

ఇద్దరూ నోళ్లు నొక్కుకుని నవ్వుకున్నారు. కొడుకు కావాలనే ఇంకో ఫొటో తీశాడు. ఆపైన మరొకటి. చూడనీ, తనివితీరా చూడనీ!

చివరికి కెమెరా తెర మీద ఫొటో పెట్టుకున్నాడు. కప్పు అద్భుతంగా వచ్చింది. అడుగున, కదలకుండా ప్రార్థన చేసుకుంటున్నాననుకున్న ముసలమ్మ కూడా పొగమరకై మిగిలింది. తండ్రి ఒక్కడే చెక్కిన బొమ్మలా నిలిచాడు.

"ఒప్పుకో నాన్నా ఇక! బాగుందా, లేదా?" అక్కణ్నుంచే కేకేస్తూ బొమ్మను ఇంకా పెద్దది చేశాడు. తండ్రి కనురెప్పలు. చొక్కా జేబు. గుండెల మీది గుండీలు, వాటిలోంచి దూరిన దారం పోగులు.

అతని వేలు ఆగిపోయింది.

ఊపిరి పీల్చే మనిషి గుండీలు అంత స్పష్టంగా పడవు.