ఏడో పోర్టు కాపలా

పొద్దున తొమ్మిదిన్నరకి డైరెక్టర్‌గారు పిలుస్తున్నారంటూ డిజైనర్‌ని ఆయన గదికి పంపించి, ఆమె కుర్చీ ఖాళీ కాగానే నెట్‌వర్క్ ఆఫీసర్ ఆమె టేబుల్ కిందికి దూరాడు. చేతిలో కంప్యూటర్ల తీగల్ని కలిపే చిన్న స్విచ్ పెట్టె ఉంది. నాలుగు నెలలుగా ఫాల్స్ సీలింగ్ పైన దాక్కుని, రెండంతస్తుల మధ్య తిరిగే పంపుల డ్రాయింగులన్నిటినీ తన గుండా పోనిచ్చి, ఒక్కోదానికీ ఒక కాపీ తీసుకున్న పెట్టె అది. ఆ కాపీల్ని అతను పోటీ కంపెనీకి అమ్మేవాడు. ఇక్కడ గీసిన పంపు అక్కడ పది రోజుల ముందే మార్కెట్లోకి వచ్చేది.

డైరెక్టర్‌కి అనుమానం వచ్చింది. డైరెక్టర్లకి అనుమానం రావడానికి మామూలుగా మూడు పంపులు పడతాయి.

ఆయన బయటినుంచి ఒక నిపుణురాలిని పిలిపించాడు. ఆవిడ పదింటికి వస్తుంది. ఈలోగా పెట్టె చోటు మారితే నేరం కూడా చోటు మారుతుంది. డిజైనర్ ఉద్యోగం పోతుంది. ఆమెకి ఇద్దరు పిల్లలూ, మంచం పట్టిన మామగారూ ఉన్నారని ఆఫీసర్‌కి తెలుసు. "ఏ సాయం కావాలన్నా అడుగు చెల్లెమ్మా" అని కిందటి నెలే అన్నాడు కూడా. అన్నయ్య అన్నాక ఆమాత్రం చనువు తీసుకోవాలి కదా!

గోడలోని రెండు సాకెట్లలో రెండు తీగలు గుచ్చాడు. ఒకటి పై అంతస్తు స్విచ్‌కి వెళుతుంది, రెండోది ఈ అంతస్తు స్విచ్‌లో ఆమె టేబుల్‌కి కేటాయించిన కన్నానికి, అంటే ఏడో పోర్టుకి. అరనిమిషం పాటు అందరికీ నెట్ ఆగిపోయింది.

"ఏమైందండీ?" అని నలుగురు గొణిగారు.

"అప్‌డేట్," అన్నాడు. ఆ మాటకి ఎదురు ప్రశ్న వేసినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

పదింటికి వచ్చినావిడని చూసి అతనికి నవ్వు ఆగలేదు. యాభై ఏళ్లుంటాయి. భుజాన గుడ్డసంచి, ముక్కు చివర కళ్లజోడు. సరిగ్గా అవసరానికి ఆవిడ ఉత్తరం వచ్చిందట, డైరెక్టర్ మురిసిపోయి రమ్మన్నాడట.

సర్వర్ గదిలో ఆవిడ కుర్చీ లాక్కుని, స్విచ్ తాలూకు స్పానింగ్ ట్రీ వివరాలు తెర మీదికి తెచ్చింది. వెనక డైరెక్టర్, కళ్లు తుడుచుకుంటూ డిజైనర్, చేతులు కట్టుకుని ఆఫీసర్ నిలబడ్డారు.

"ఇదేంటో కాస్త చెప్పు బాబూ. వయసు మీదపడింది, అన్నీ మర్చిపోతున్నాను."

ఆఫీసర్ ఉదారంగా ముందుకొచ్చాడు. "ఉమ్మడి కుటుంబం లాంటిదండీ. స్విచ్‌లన్నీ కలిసి ఒక పెద్దని ఎన్నుకుంటాయి. ఎవరి నంబరు తక్కువైతే వాళ్లే పెద్ద. అందరికీ దారి ఆ పెద్ద వైపునించే. మిగతా అడ్డదారులు మూసేస్తారు. లేకపోతే ఒకే మాట ఇంటి చుట్టూ తిరిగి తిరిగి ఇల్లు పీకి పందిరేస్తుంది."

"భలే చెప్పావు. మరి ఇప్పుడు పెద్ద ఎవరు?"

అతను ఎదురుచూస్తున్న ప్రశ్న ఇదే. తెర మీదికి వంగి ఉలిక్కిపడ్డాడు. ఉలికిపాటు బాగానే కుదిరింది.

"అయ్యో, మన స్విచ్ కాదండీ! ఎవరో నంబరు సున్నా పెట్టుకుని పెద్దయి కూర్చున్నారు. ఏడో పోర్టు వైపునుంచి..." అని డిజైనర్ వైపు జాలిగా తిరిగాడు. "ఎంత పని చేశావు చెల్లెమ్మా!"

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. "నాకు ప్రింటర్ తీగ పెట్టడమే రాదు సార్. ఈ ఉద్యోగం పోతే మేం రోడ్డున పడతాం."

"వెళ్లి నీ వస్తువులు సర్దుకో," అన్నాడు డైరెక్టర్. ఆ ఆఫీసులో ఏ పనైనా అంత చురుగ్గా జరగడం అదే మొదటిసారి.

"ఒక్క నిమిషం," అంది ఆవిడ తెర మీద వేలు పెట్టి. "చివరి మార్పు జరిగి నలభై ఎనిమిది నిమిషాలైంది, ఏడో పోర్టు మీద. అంటే ఈ పెట్టె అక్కడికి వచ్చింది తొమ్మిదీ ముప్పై ఐదుకి. అప్పుడు ఈ అమ్మాయి ఎక్కడుంది?"

డైరెక్టర్ తడబడ్డాడు. "నా గదిలో. నాచేత తిట్లు తింటోంది."

ఆఫీసర్ తలుపు వైపు ఒక అడుగు జరిగాడు.

"ఇంకోటి," అంది ఆవిడ. "కొత్త పెట్టె ఏదైనా వచ్చి పెద్దరికం చేయబోతే ఆపడానికి ప్రతి టేబుల్ పోర్టుకీ ఇక్కడ కాపలా పెట్టారు. ఏడోదానికి మాత్రం తొమ్మిదీ ఇరవైకి తీసేసినట్టు రాసి ఉంది. తీయాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది ఎవరికి తెలుసు?"

ఆ పాస్‌వర్డ్ తనకి తప్ప దేవుడికి కూడా తెలియదని ఆఫీసర్ వార్షిక సమావేశంలో మైకు పట్టుకుని మరీ చెప్పుకున్నాడు. దేవుణ్ణి అనుమానించడం డైరెక్టర్‌కి ఇష్టం లేకపోయింది.

మధ్యాహ్నానికల్లా పోలీసులు వచ్చి అతన్ని తీసుకుపోయారు.

డిజైనర్ ఆవిడ చేతులు పట్టుకుని వదల్లేదు. "మీరు రాకపోతే నా పిల్లల గతి ఏమయ్యేదో అక్కా!" అని వెక్కివెక్కి ఏడ్చి, డైరెక్టర్ వైపు తిరిగింది. "ఇంకెవరినో వెతకడం ఎందుకు సార్? ఆ కుర్చీలో అక్కనే కూర్చోబెట్టండి."

డైరెక్టర్‌కి ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, అది తనదేనని అరగంటలో ఆయనకి నమ్మకం కుదిరింది. ఆవిడ మొహమాటపడింది, వద్దంది, ఆలోచించుకుంటానంది, నాలుగింటికి సరేనంది. కొత్త పాస్‌వర్డ్ ఆవిడకి తప్ప ఎవరికీ తెలియకూడదని డైరెక్టరే పట్టుబట్టాడు.

ఆవిడ సర్వర్ గది తలుపు దగ్గరగా వేసి, కొత్త కుర్చీలో కూర్చుని ఫోన్ తీసింది.

"సార్, మనకి డ్రాయింగులు అమ్మేవాడి పీడ విరగడైంది, ఇకమీదట మన కంపెనీకి ఇక్కణ్ణించి నేనే నేరుగా పంపిస్తాను."